చెట్టున కెవ్వరు కావలి?

2025వ సంవత్సరము ఏప్రిల్ 3వ తేదీన భారత సర్వోన్నత న్యాయస్థానము హైదరాబాదు చెంతనున్న కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టుటను తక్షణమే ఆపవలెనని ఉత్తరువిచ్చెను. వరుస సెలవుదినములు చూచి యంత్రములను దించి, కొలదిదినములలోనే సుమారు నూరెకరముల పచ్చదనమును నేలమట్టము గావించిరి. విశ్వవిద్యాలయపు విద్యార్థు లడ్డుపడి నిర్బంధింపబడిరి, పత్రికలు వ్రాసినవి, న్యాయస్థానము తనంతట తానే వ్యవహారమును చేపట్టెను. అంతకు తొమ్మిదిదినములు ముందు, మార్చి 25వ తేదీన, అదే న్యాయస్థానము మథుర బృందావనముల దాపున అనుమతి లేక 454 చెట్లను నరికించిన వానికి చెట్టొక్కింటికి లక్ష రూపాయల చొప్పున దండుగ విధించెను. చట్టమునకు చేయి గలదనియు, ఆ చేయి కదలినచో యంత్రములు సైతము నిలుచుననియు ఈ రెండుత్తరువులవలన లోకమునకు తెల్లమైనది. మేమందులకు సంతోషించుచున్నాము.

అయితే ఆ చేయి ఎంతదూరము చాగగలదు? కిన్నెరసానిని దాటునా? నగరపు చెట్టు పడుచుండగా దానిని చిత్రించి లోకమునకు చూపుటకు వేలకొలది చేతులు లేచినవి. అశ్వారావుపేట మొదలు చర్ల వరకును, గోదావరి కావలియొడ్డున కూనవరము, చింతూరు వరకును గల ఖమ్మము భద్రాచలము అడవి సరిహద్దున, ఊరిచివర ఇప్పచెట్టు కూలినచో చూచువా రెవరు? చూచినను చెప్పికొనుట ఎవరితో? చెప్పికొన్నను, ఆ చెట్టు మీదని చూపుటకు కాగితమేదియని అడిగినచో ఆ ఊరివా రేమి చూపుదురు? మేమీ వారము వ్రాయబూనినది ఆ కాగితమును గూర్చియే.

పట్టణములలో చదువుకొన్నవారి నోట ఒక మాట తరచుగా వినవచ్చుచుండును. అడవికి మొదటి శత్రువు అడవిలోని మనుష్యుడేనట. వాని చేతి గొడ్డలిని లాగికొన్నగాని చెట్టు బ్రతుకదట. అటవీశాఖవారి కావలియే లేకున్న ఈపాటికి భద్రాచలపుటడవి బోడిగుట్టయై యుండెడిదట. ఈ మాటలో పిడికెడు నిజము లేకపోలేదు. ఆ పిడికెడును మేము దాచబోము, ముందు చెప్పుదుము. కాని ఈ మాటను వేదవాక్యముగా గైకొని చట్టములు వ్రాయుటవలననే ఊరికిని చెట్టునకును వైరము పుట్టినదని మా దృఢాభిప్రాయము. ఊరినుండి చెట్టును కాపాడుటకు నూటనలువదియేండ్లకు పైగా చట్టములు చేయుచు వచ్చితిమి. ఊరిచేతనే చెట్టును కాపాడించుట యనునది యొకటి గలదని 1996లోను 2006లోను పార్లమెంటు ఒప్పుకొన్నది. ఒప్పుకొన్నదానిని అమలు జరుపుటకు మాత్రము ఏటికి ఈవలి ప్రభుత్వమునకు గాని ఆవలి ప్రభుత్వమునకు గాని చేతులు రాకున్నవి.

ఈ వైరము పుట్టిన తీరు తెలిసికొనదగినది. భద్రాచలము తాలూకా 1874లో మధ్యపరగణాలనుండి చెన్నరాజధానికి మార్చబడినది. అంతకుముందు రేకపల్లి ప్రాంతపు కొండజనులు గొడ్డలికి నాలుగణాల చొప్పున పన్ను చెల్లించి పోడు కొట్టుకొనుచుండిరి. కొత్త దొరతనమువారు ఆ పన్నును మూడింతలు చేసిరి. కొన్ని అడవులలో పోడు మాటయే తలపెట్టరాదనిరి. రంపదేశమున కల్లుచెట్లమీద చిగురుపన్ను కూర్చుండినది. 1879లో రంపలో పుట్టిన పితూరీ రేకపల్లికి ప్రాకుటకు వేరు కారణములు వెదకనక్కరలేదు. ఆ మంటలు చల్లారీ చల్లారకమునుపే 1882లో చెన్నపట్టణపు అటవీచట్టము వచ్చెను. బ్రాండిసు అను జర్మను నిపుణుడు 1881లో వచ్చి దానికి దారి చూపెను. ఇందొక విశేషము గలదు. 1878 నాటి భారత అటవీచట్టమును చెన్నరాజధానిలో ప్రవేశపెట్టుడని పైవారు కోరగా, గ్రామస్థులకు అనాదిగా అడవిమీద హక్కులుండుటవలన ఆ చట్టమిచ్చట పొసగదని చెన్నపట్టణపు రెవిన్యూ బోర్డువారు చాలకాలము వాదించిరి. ఆ దొరలు మనకు చుట్టములు కారు. అయినను ఊరికి అడవిమీద హక్కు గలదను మాటను పన్ను పట్టుకొనెడివారే వ్రాతపూర్వకముగా నొప్పుకొన్నారని, నేడు ఆ హక్కును కాదనువారికి జ్ఞాపకము చేయుట మంచిది.

ఏటికి ఈవల నిజాము రాజ్యము. అచ్చటను కథ వేరు కాదు. 1355 ఫసలీలో, అనగా 1945లో, హైదరాబాదు అటవీచట్టము ఏర్పడినది. పాలకు లిద్దరు, భాష లిద్దరివి, చట్టముల గుణ మొక్కటియే. ఈ రెంటిని రద్దుపరచి ఆంధ్రప్రదేశ్ అటవీచట్టము 1967లో వచ్చినది. స్వరాజ్యము వచ్చిన ఇరువదియేండ్లకు వచ్చిన చట్టము గదా, పల్నాటిలో పుల్లరి కట్టమన్నందులకు 1922లో ప్రాణమిచ్చిన కన్నెగంటి హనుమంతు నెత్తురు ఇందులో ఏ సెక్షనున నైన కనబడునేమోయని వెదకినచో నిరాశయే మిగులును. రిజర్వుచేయు పద్ధతి పాతదే, అధికారి పాతవాడే, గ్రామస్థుడు చట్టమున కనబడుట నేరస్థుని రూపముననే.

ఆ చట్టములు చెట్లను కాపాడలేదని మేమనము. కాపాడినవి. ఏ చెట్లను? టేకును, జిట్రేగిని, నల్లమద్దిని, ఏగిసను. డిపోలో వేలమునకు వచ్చెడి చెట్లను. ఇవి చట్టము దృష్టిలో పెద్దచెట్లు. ఇప్ప, చింత, తునికి, మొర్రి, కరక, వెదురు మొదలగువానివలన ఊరు బ్రతుకును గాని డిపో బ్రతుకదు. కావున వీనినుండి వచ్చుదానికి 'చిన్నతరహా అటవీ ఫలసాయ'మని పేరు పెట్టిరి. వెదురు కథ మరింత వింత. వృక్షశాస్త్రజ్ఞులు వెదురును గడ్డిజాతి యందురు. 1927 నాటి భారత అటవీచట్టము దానిని చెట్టనెను. 2017లో సవరణ వచ్చువరకు తొంబదియేండ్లు చెట్టుగనే యుంచెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము దానిని చిన్నతరహా ఫలసాయమనెను. బుట్టలల్లుకొను మేదరి చేతిలో వెదురుండినపుడు అది చెట్టైనది. వేలములో గుత్తేదారు లారీ కెక్కినపుడు సరకైనది. ఒకే గెడ, మనిషిని బట్టి దాని జాతి మారినది.

కోయవారింట ఇప్పచెట్టెంతటిదో చెప్పినగాని ఈ 'చిన్న' యను మాటలోని అన్యాయము బోధపడదు. ఫాల్గుణ చైత్రములలో తెల్లవారుజామున ఇప్పపూవు రాలును. ఆడవారును పిల్లలును గంపలు గొని పొద్దు పొడువకమునుపే చెట్టుక్రిందికి పోవుదురు. ఏ చెట్టుక్రింద ఏ యింటివారేరుకొనవలెనో ఊరిలో తరతరాల ఏర్పాటు గలదు. ఒకరి చెట్టుక్రింద నొకరు పూవేరరు. ఆ ఏర్పాటు ఏ రిజిస్టరులోను లేదు, ఏ సర్వే నెంబరునకును ఎక్కలేదు. అయినను తగవులేక నడచుచున్నది. ఎండబెట్టిన పూవు వానకాలమున కడుపునకు ఆధారము, సంతలో ఉప్పునకు పప్పునకు మారకము. జ్యేష్ఠాషాఢములలో కాయ వచ్చును. గింజనుండి నూనె తీయుదురు. అది దీపమునకును, కూరకును, పగిలిన కాళ్లకును. కొలుపునకు గాని పెండ్లికి గాని చావునకు గాని ఇప్పసారా లేక జరుగదు. ఆ సారామీద దొరతనముల కన్ను ఎంతటిదనగా, బొంబాయి రాజధానిలో 1892లో ఇప్పపూవునకే ప్రత్యేకముగా ఒక చట్టము చేసి, కొన్నిజిల్లాలలో పూవేరి దాచుకొనుటయే నేరము గావించిరి. ఆకాశమునుండి రాలిన పూవును ముట్టినందులకు శిక్ష! ఇంతకును మేము చెప్పదలచిన దిది: పోడు కొట్టినవాడు సైతము ఇప్పచెట్టును కొట్టడు. దుమ్ముగూడెపు దారిని పోవువారు చేల నడుమ ఒంటరిగా నిలిచిన ఇప్పలను చూచియే యుందురు. ఆ చెట్టును నిలిపినది 1882 చట్టమా, 1967 చట్టమా? బీటు కావలివాడా? ఆ చేను దున్నినవాని మనస్సులోని చట్టము నిలిపినది. ఆ మనస్సులోని చట్టమును కాగితముమీది చట్టము ఏనాడును అడిగి తెలిసికొనలేదు.

ఇక పిడికెడు నిజము సంగతి. పూవేరుకొనుటకు అనువుగా నుండునని చెట్టుక్రింది ఆకునకు నిప్పు పెట్టుట గలదు. తునికాకు లేతగా చిగిర్చునని పొదలు కాల్చుట గలదు. ఆ నిప్పులో ఇప్పమొలకలు మాడిపోవుచున్నవి, గింజ యంతయు ఏరుకొనుటచే కొత్తచెట్టు లేచుట అరుదైనది, ముసలిచెట్లే మిగులుచున్నవి. ఇది నిజముగా ఊరిదోషము. పోడు పేరిట అడవిని చదునుచేయుటయు గలదు. అందు గిరిజనుని గొడ్డలి వెనుక మైదానపు షాహుకారు రొక్కమును, ఎన్నికలకు ముందు నాయకుల మాటలును ఉండుట ఈ సరిహద్దున అందరు నెరిగినదే. గోదావరి కావలనుండి కత్తుల వానకు వెరచి వలసవచ్చిన కుటుంబములు గుట్టలమీద గుడిసెలు వేసికొనుటచే చిక్కు పెరిగినది. వీనినెల్ల మేము కాదనము. కాని నిప్పు పెట్టవలదని ఊరికి చెప్పగలవాడెవడు? ఊరిచే ద్వేషింపబడు కావలివాడు చెప్పిన వినునా, ఊరిపెద్ద చెప్పిన వినునా?

ఈ ద్వేష మెంతవరకు పోగలదో 2022వ సంవత్సరము నవంబరు 22న తెలిసినది. చండ్రుగొండ మండలమున మొక్కల తోటను కాపాడబోయిన అటవీ రేంజి అధికారిని వేటకొడవళ్లతో నరికి చంపిరి. ఉద్యోగధర్మమును నెరవేర్చుచు ఆయన ప్రాణము గోల్పోయెను. అంతటి హత్యకు సమర్థన లేదు. వెదకువారికి మాతో పొత్తు లేదు. 2023 ఆగస్టులో న్యాయస్థానము ఇద్దరికి యావజ్జీవశిక్ష విధించెను. శిక్ష జరిగినది, వ్యాజ్యము ముగిసినది. కాని ప్రభుత్వము నాటిన మొక్కయు పేదవాని పశువుల మేపును ఒక్కనేలమీద శత్రువులై ఎదురెదురుగ నిలుచుటకు కారణ మేదో, ఆ కారణము ముగిసినదా? ఈ నేల ఎవరిది, ఈ హద్దు ఎక్కడిది, ఈ చెట్టుమీద ఎవరి హక్కెంత యని తేల్చవలసిన చట్టము 2006లోనే యుండగా, తేల్చక పదునారేండ్లు తాత్సారము చేసినవారిని ఏ న్యాయస్థానము పిలిచి అడిగినది?

ఇచ్చట మా ముఖ్యవాదమును చెప్పుచున్నాము. పాఠకులు కొంచెము నిలిచి చదువవలెను. 2006 చట్టము రెండురకముల హక్కుల నొసగినది. ఒకటి, 2005 డిసెంబరు 13వ తేదీకి ముందునుండి దున్నుకొనుచున్న భూమిమీద కుటుంబమునకు హక్కు. రెండవది, 3వ సెక్షను 1వ ఉపసెక్షను (ఐ) ఖండము ప్రకారము, ఊరివారు సంప్రదాయముగా కాపాడుచు వాడుకొనుచు వచ్చిన అడవినంతను కాపాడుటకు, పెంచుటకు, నిర్వహించుటకు ఊరికి హక్కు. మొదటిదానికి 2023 జూను మాసాంతమున తెలంగాణమున గొప్ప ఉత్సవము జరిగినది. సుమారు 4 లక్షల ఎకరములకు లక్షన్నర కుటుంబములకు పట్టాలు పంచిరి. పేదవానికి భూమి దొరకుట మాకు సంతోషమే. ఒక్క పట్టాను గూడ వెనుకకు తీసికొనుడని మేమనము. కాని ఆ పట్టాలు దేనికి వచ్చినవో చూడుడు. చెట్టు లేని భూమికి. చెట్టును నిలిపిన ఊరికి ఏ ఉత్సవము జరిగినది? ఉమ్మడి రాష్ట్రమున సామూహిక హక్కుపత్రములను పంచినపుడు వానిని అనేకచోట్ల గ్రామసభల పేర గాక, అటవీశాఖ నీడలో నడచెడి వనసంరక్షణ సమితుల పేర వ్రాసిరి. హక్కు ఊరిది, సంతకము శాఖది! ఇట్లు చేయుటవలన కొండయూళ్లకు మనమేమి బోధించితిమి? కొట్టినచో నేడో రేపో పట్టా వచ్చును. కొట్టక నిలిపినచో జరిమానా రసీదు వచ్చును, అని. ఇట్టి పాఠమును ఇరువదియేండ్లుగా నేర్పుచు, అడవి తరుగుచున్నదని ఆశ్చర్యపడుట మన పాలకులకే చెల్లినది.

అడవికి వెలుపల, ఊరిలోని చెట్టు సంగతి చూతము. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము, జనులు వాల్టా యని పిలుచునది, అనుమతి లేక చెట్టు కొట్టరాదన్నది. మాట మంచిదే. కాని అనుమతి నిచ్చువాడు ఆఫీసులో నుండును. చెట్టు చెరువుకట్టమీద నుండును. నడుమ గ్రామసభ లేదు. రోడ్డు వెడల్పునకు ఊరి చింతచెట్టు పడునపుడు ఊరి నడుగువారు లేరు. రైతు తన గట్టుమీది వేపను కొట్టుకొన్నపుడు మాత్రము చట్టము నిద్రలేచును. 2018 పంచాయతీరాజ్ చట్టము తెలంగాణమున ప్రతియూరికి నర్సరీ నియమించినది. పంచాయతీ ఆదాయమున పదవవంతు పచ్చదనమునకు కేటాయించుమన్నది. నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెననియు, లేనిచో సర్పంచి, కార్యదర్శుల పదవులకే ముప్పనియు శాసించినది. ఇంతటి పట్టుదల మొక్కమీద! నిలిచియున్న నూరేండ్ల చెట్టుమీద ఇందులో నాలవవంతు పట్టుదల యున్నను ఎంతో మేలు జరిగియుండును. మొక్కకు లెక్క వ్రాయవచ్చును, చిత్రము తీయవచ్చును, మంత్రిచేత నీరు పోయింపవచ్చును. పెద్దచెట్టునకు ప్రారంభోత్సవము చేయుట సాధ్యము గాదు. ఖమ్మము చెంత రెడ్డిపల్లి వాసి వనజీవి రామయ్యగారు సైకిలుమీద విత్తులు మోసికొనిపోయి దారుల వెంట జీవితమంతయు చెట్లు పెంచిరి. 2017లో ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చెను. 2025 ఏప్రిల్ 12న గతించిరి. వారు మొక్క నాటుటతో ఊరకొనక, అది చెట్టై నిలుచువరకు వెంటనంటి కాచిరి. వారిచే ఆ పని చేయించిన సెక్షను ఏ చట్టమునను లేదు.

సరిహద్దు గ్రామముల కింకొక కష్టము గలదు. 2014లో పునర్విభజన చట్టమునకు సవరణ చేసి పోలవరము ముంపు మండలములను ఆంధ్రప్రదేశమున గలిపిరి. భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచినది. దానిని చుట్టియున్న ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నము, కన్నాయిగూడెము, పిచుకలపాడు ఆవలికి పోయినవి. మనుష్యులు రేషను కార్డులు మార్చుకొనిరి, చెట్లు మార్చుకొనలేవు. ఊరొక రాష్ట్రమున, ఊరివా రాకేరుకొను అడవి మరియొక రాష్ట్రమున నున్నచోట, హక్కుపత్రము నడుగుట ఏ కలెక్టరును? ఇరువురును చట్ట మొక్కటియే యందురు. దరఖాస్తు మాత్రము అవతలివారి కిమ్మందురు.

ఇక పోలవరమును తలచినచో చట్టముయొక్క రెండు నాలుకలును కనబడును. 2006 చట్టము 3వ సెక్షను 2వ ఉపసెక్షను ప్రకారము, అడవియూరిలో బడియో, వైద్యశాలయో, త్రాగునీటి గొట్టమో కావలెనన్న, ఒక్కొక్క పనికి ఒక హెక్టారుకు మించని నేల, హెక్టారునకు 75 చెట్లకు మించని నరుకుడు, అదియును గ్రామసభ సిఫారసు చేసినగాని వీలు లేదు. న్యాయమైన కట్టుబాటే. బడికి కొట్టవలసిన చెట్లను ఒకటి, రెండు, మూడని లెక్కపెట్టించిన ఈ దేశముననే, 2010లో ఆ ప్రాజెక్టునకు సుమారు 3,700 హెక్టార్ల అడవిని విడిచిపెట్టుచు ఉత్తరువు వచ్చినది. మేము ప్రాజెక్టును గూర్చి నేడు తర్కింపము. అది వేరు వ్యాసమునకు తగిన విషయము. మేమడుగున దొక్కటియే: చెట్టు ప్రాణము బడికి అడ్డమైనపుడు అంత విలువైనది, ఆనకట్టకు అడ్డమైనపుడు ఇంత చులుకనైన దేల? 2009 ఆగస్టు 3న కేంద్ర పర్యావరణశాఖవారు, గ్రామసభ సమ్మతి లేనిదే అడవిని ఇతర పనులకు మార్చుటకు అనుమతింపమని సర్క్యులరు పంపిరి. ఒరిస్సాలోని నియంగిరి కొండల విషయమున 2013లో సర్వోన్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును గ్రామసభలకే వదలినది, పండ్రెండు గ్రామసభలును వలదనినవి, కొండ నిలిచినది. తరువాత 2022 నియమములలో కేంద్రమువారు, తమ అనుమతికి ముందుండిన ఆ మెట్టును తీసివైచి, హక్కుల బాధ్యతను రాష్ట్రములమీదికి నెట్టిరి. గ్రామసభ వలదనుట నేర్చుకొనుచున్నదని తెలిసిన తోడనే, అడుగుటయే మానివేసిరన్నమాట.

మా వాదమునకు ఒక ఆక్షేపణ వచ్చును. ఊరి కిచ్చినచో ఊరు గుత్తేదారునకు అమ్ముకొనునని. ఈ మాట అనువారు చరిత్రను తలక్రిందులు చేయుచున్నారు. కొండరెడ్లను గూర్చి హైమండార్ఫు పండితుడు 1945లో ప్రకటించిన గ్రంథమును చూచినచో, గోదావరి ఒడ్డుల కొండరెడ్లు కలప, వెదురు వర్తకుల అప్పులలో పడి వెట్టికూలీలవలె బ్రతికిన తీరు తెలియును. ఆ వర్తకు లడవిలోనికి ఊరు పిలిచిన వచ్చిరా? దొరతనమిచ్చిన కౌళ్లు చేతబట్టుకొని వచ్చిరి. హక్కు లేనివాడే లంచమునకును అప్పునకును లోబడును. తనదైన చెట్టును మనుష్యుడెట్లు చూచునో తెలిసికొనుటకు మైదానపు రైతును చూచిన చాలును. సారపాక కాగితపు మిల్లు 1979లో పనికి మొదలిడినది. మొదట అడవి వెదురుమీద నాధారపడినది. తరువాత రైతులు తమ చేలలో జామాయిలు, సుబాబులు వేసి అమ్ముకొనుటకు త్రోవ ఏర్పడగా, ఎవరి బోధయు లేకయే ఖమ్మము మండలములలో తోపులు లేచినవి. జామాయిలు తోపును మేమడవి యనము. దాని నీడను పిట్టయు కూయదు. అయినను తన చెట్టుమీద తనకు హక్కుండినచో మనిషి చెట్టును పెంచుననుటకు ఇంతకంటె సాక్ష్య మేమి కావలెను?

అడవిలో నైతే మహారాష్ట్రమున, మన గోదావరీతీరమునకు పొరుగైన గడ్చిరోలి జిల్లాలో, మెండా లేఖా యను గోండుగ్రామ మున్నది. 2009లో ఆ యూరికి సామూహిక అటవీహక్కు వచ్చినది. 2011లో వెదురును తామే కొట్టి తామే అమ్ముకొనుటకు రవాణా పుస్తకము గ్రామసభ చేతికి వచ్చినది. ఆ యూరి అడవి మాయము కాలేదు. ఎంత వెదురు కొట్టవలెనో, ఎక్కడ మానవలెనో ఊరే కూర్చుండి నిర్ణయించుకొనుచున్నది. గోండులకు చేతనైనది వారి చుట్టములైన కోయలకు చేతకాదనువారు, ఎందువలన చేతకాదో విప్పి చెప్పవలెను.

మేము కొత్తచట్టము నడుగుటలేదు. ఉన్నవి చాలును. ఉమ్మడివనరులను కాపాడుటకు గ్రామసభయే సమర్థురాలని, చిన్నతరహా ఫలసాయము దాని సొత్తని 1996 పెసా చట్టము చెప్పుచున్నది. దానికి నియమములు వ్రాయుటకు ఉమ్మడి రాష్ట్రమునకు 2011 వరకు పట్టినది, పదునైదేండ్లు! అడవికి, వన్యప్రాణులకు, జీవవైవిధ్యమునకు హాని కలిగించు ఏ పనినైనను ఆపుటకు గ్రామసభకు అధికారము గలదని 2006 చట్టము 5వ సెక్షను చెప్పుచున్నది. ఏ పనినైనను అనగా గిరిజనుని పోడు మాత్రమే కాదు, గుత్తేదారు లారీయు, రోడ్డు యంత్రమును, శాఖవారి టేకుతోటయు గూడ. ఇదియే ఊరి చెట్టునకు రావలసిన రక్ష. ఈ రక్షను తెచ్చు కాగితమునకు 'ఫారము సి' యని పేరు. 2012 సవరణ నియమములలో అది చేర్చబడినది. ఊరిలో పదిమంది మొదలు పదునైదుమంది వరకు గల హక్కుల సంఘము, మూడింట రెండువంతులకు తక్కువగాక గిరిజనులు, మూడవవంతుకు తక్కువగాక స్త్రీలు ఉండవలెను, ఊరి సంప్రదాయపు హద్దులు వ్రాయవలెను, గ్రామసభ తీర్మానింపవలెను, సబుడివిజను సంఘమునకును, కలెక్టరు అధ్యక్షుడుగా గల జిల్లా సంఘమునకును పంపవలెను. ఇంతియే.

ఈ పని జరుగకుండుటకు అధికారుల అయిష్టత యొక కారణము. వ్రాయువారు లేకుండుట రెండవది. మొదటిదానికై కలెక్టరులను, భద్రాచలము, రంపచోడవరము, చింతూరుల సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల వారిని మేమడుగుచున్నాము: మీ హద్దులలో గ్రామసభల పేర, వనసంరక్షణ సమితుల పేర గాక, ఎన్ని ఫారము సి హక్కుపత్రము లిచ్చితిరో ఊరివారీగా ప్రకటింపుడు. రెండవదానికై మా వృత్తిలోని సోదరులను అడుగుచున్నాము. ఖమ్మము, కొత్తగూడెము, భద్రాచలముల న్యాయవాదులు కోర్టు పక్షులని పేరు తెచ్చుకొంటిమి. మే మాసమున కోర్టులు మూతపడును. అప్పటికి ఇప్పపూవు ఏరుడు ముగిసి ఊళ్లలో జనము ఇంటిపట్టున నుందురు. ఒక్కొక్కరొక యూరికి పోయి పదిదినము లుండుడు. ఫీజు లేదు, అంబలి దొరకును.

పోవువారు ఒక నియమమును మరువరాదు. 13వ నియమము ప్రకారము, ఊరి పెద్దలు చెప్పినమాటను వ్రాసి పట్టినచో అది సాక్ష్యమే. ఏ వాగు వరకు మా పూర్వులు పూవేరిరి, ఏ గుట్టమీది వేలుపుచెట్టుక్రింద కొలుపు చేసిరి, ఏ రావిని ఎవరు నాటిరి యని చెప్పగల ముసలివారు ప్రతియూరిలో నలుగురైదుగురు మిగిలియున్నారు. వారి నడిగి వ్రాసికొనుటకు వచ్చే వేసవినే పోవలెను.